బ్రేకమ్మ ఎంచుకున్న బండి

డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకునేవాళ్ళు ఆమెకు పెట్టుకున్న పేరు బ్రేకమ్మ. మొహం మీద ఎవరూ అనరు కానీ, ఆమెకు తెలుసు. స్కూలు కారులో పక్కన కూర్చుని నేర్పేవాళ్ళ కాలికింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. పెళ్ళికి ముందునుంచీ ఆమె పాదం దానిమీదే ఉంది. నేర్చుకునేవాళ్ళు తిన్నగా గోడకేసి పోతున్నా గొంతు పెంచదు. మెల్లగా నొక్కి, "గోడ ఎక్కడికీ పోదులెండి, మళ్ళీ మొదలెట్టండి," అంటుంది.

ఇన్నేళ్ళలో సొంత కారు లేదు. నెత్తిన బోర్డు ఉన్న ఆ బండినే సాయంత్రం ఇంటికి తెచ్చుకునేది. ఈమధ్య యజమాని బళ్ళన్నీ రాత్రి షెడ్డులోనే ఉండాలన్నాడు. ఆమె బస్సుదిగి నీరసంగా ఇంట్లోకి వచ్చిన రోజున, కోటు కుడుతున్న భర్త మిషను ఆపేశాడు.

"కొనే స్తోమత లేకపోతే లీజుకు తీసుకుందాం. నెలనెలా కట్టి, మూడేళ్ళయ్యాక వాళ్ళ బండి వాళ్ళకిచ్చేద్దాం. కానీ ఈసారి నువ్వు మనసుపడ్డదే తేవాలి."

మనసుపడ్డది ఎలాంటిదో ఇద్దరికీ తెలుసు. రోడ్డుకు అతుక్కుపోయినట్టు కిందికి ఉండే రెండు తలుపుల బండి పక్కనుంచి రివ్వున వెళ్తే, అంత జాగ్రత్త మనిషీ తల తిప్పి చూసేది.

చిక్కల్లా ఆయన తుంటితోనే. ఆపరేషనయ్యాక కింద కూర్చుంటే లేవడం గండమైపోయింది. ముచ్చటపడి కొనుక్కున్న ఎత్తు తక్కువ సోఫాను కూడా ఇచ్చేసి, ఇంట్లో ఎత్తు కుర్చీలు వేసుకున్నారు.

షోరూములో ఆమె తిన్నగా ఎత్తుగా ఉన్న తెల్ల బండి దగ్గరికి నడిచింది. "ఇది బాగుందండీ."

"పాల వ్యానులా ఉంది," అన్నాడాయన. "ఆ మూలనున్న రెండు తలుపుల ఎర్రదాని సంగతేంటి?"

"దీని అన్నయ్య ఒకడున్నాడు సార్, పెద్ద ఇంజనువాడు. వాడికి నెలనెలా కట్టేదీ ఎక్కువే, ఇన్సూరెన్సూ ఎక్కువే," అన్నాడు సేల్సు మేనేజరు, మాటకారి నడివయసు మనిషి. "ఇది చిన్న ఇంజను. పైకి తేడా తెలీదు. పోయినేటి మోడలు కాబట్టి మీరు చెప్పిన లెక్కలోకి వస్తుంది. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు మాత్రం ఉంది. దాటితే అదనం."

"హద్దు దాటడమా, మా ఆవిడా!"

నడిపి చూడమని మేనేజరు తలుపు తీయగానే ఆమె అలవాటు కొద్దీ పక్కసీటులోకి వెళ్ళి కూర్చుని బెల్టు పెట్టేసుకుంది. మేనేజరు తాళాలు భర్త చేతికివ్వబోయాడు.

"అయ్యో, ఆయనకు నడపడం రాదండీ," అంటూ సిగ్గుపడి దిగి, భర్తను ఆ సీటులో కూర్చోబెట్టి అటువైపు వెళ్ళింది.

మొదట పాఠం చెబుతున్నట్టే నడిపింది. వెనకసీటులో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ముడుచుకున్న మేనేజరు, "కాస్త తొక్కండి మేడం," అన్నాడు. ఊరి బయట ఖాళీ రోడ్డు మలుపులో ఆమె తొక్కింది. స్టీరింగు ఇలా తిప్పిందో లేదో బండి అలా ఒదిగిపోయింది. ఆమె నోట్లోంచి ఏదో శబ్దం వచ్చింది. అది నవ్వని, భర్త తన మొహంలోకి చూసేదాకా ఆమెకే తెలీలేదు.

తిరిగొచ్చాక గబగబా దిగి, తన సీటు వంచి మేనేజరును బయటికి రానిచ్చి, భర్త వైపు తలుపు తీసింది. ఆయన ఒక కాలు బయటపెట్టి లేవబోయాడు. లేవలేకపోయాడు. తలుపు పట్టుకుని సగందాకా లేచి, మళ్ళీ సీటులో కూలబడ్డాడు. నుదుటిమీద చెమట పట్టింది.

"తెల్లదే తీసుకుందాం," అంది ఆమె. "దీని క్లచ్చి గట్టిగా ఉంది. నాకు నచ్చలేదు."

"నచ్చకే అలా నవ్వావా?"

"మీరు రాలేని బండి నాకెందుకండీ? పక్కసీటు ఖాళీగా పెట్టుకుని ఊరేగనా?"

"వచ్చాను కదా. దిగడమే కుదరట్లేదు." ఆయన కాలు లోపలికి లాక్కుని తలుపు వేసేసుకున్నాడు. అద్దం దించి, "కాగితాలు ఇక్కడికే తెమ్మను. నువ్వు సంతకం పెట్టేదాకా నేను దిగను," అన్నాడు.

"మేం ఆరింటికి మూసేస్తాం సార్," అన్నాడు మేనేజరు నవ్వాపుకుంటూ.

"మూసుకోండి. సీటు మెత్తగానే ఉంది."

"పరువు తీస్తున్నారు. దిగండి."

"దిగలేకే కదే ఈ గొడవంతా!"

ఆమెకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా చెమర్చాయి. కిటికీ మీదికి వంగి గొంతు తగ్గించింది. "రోజూ ఎలాగండీ?"

"నువ్వుంటావుగా."

"నేను లేనప్పుడో?"

"నువ్వు లేకుండా ఈ బండి కదిలేదెలా? నాకు నడపడం రాదని ఇందాక ఊరందరికీ చాటావు కదా."

ఆమె మేనేజరుకేసి తిరిగి కాగితాలు తెమ్మంది. వాటిని బానెట్టు మీద పరుచుకుని ఓపిగ్గా అన్నీ చదివింది. తిరిగిచ్చేటప్పుడు టైర్ల అరుగుదల ఎవరి నెత్తిన పడుతుందో అడిగి తెలుసుకుంది. తర్వాత సంతకం పెట్టింది.

తలుపు తీసి, "ముందుకు జరగండి. పాదాలు రెండూ బయటపెట్టండి. చేతులు నా భుజాల మీద వెయ్యండి," అంది. సాయం పట్టబోయిన మేనేజరును, "మీరాగండి," అని ఆపింది.

ఆయన నెమ్మదిగా పైకి లేచాడు. నిలదొక్కుకున్నాక కూడా చేతులు వెంటనే తియ్యలేదు. ఆమె తొందరపెట్టలేదు.