పెదనాన్నగారి సామాన్లకు కాపలా

మొన్నీమధ్య లక్డీకాపూల్‌లో చిన్న పనిబడి అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. ఒకటి రెండు సీట్లు ఖాళీ అయినా నిలబడే ఉన్నాను. కుర్చీ కోసం జనాన్ని తోసుకుని వెళ్లడం మా ఇంట్లో ఎవరికీ చేతకాదు, ఈ వయసులో నాకు కొత్తగా ఎక్కడొస్తుంది. నా ఎదుట ఒక కుర్రవాడు ఫోను అడ్డంగా పట్టుకుని, రెండు బొటనవేళ్లతో దాన్ని తెగ నొక్కుతూ, చెవిలో పెట్టుకున్న దానిలోంచి ఎక్కడో ఉన్న ఇంకెవరికో నెమ్మదిగా చెబుతున్నాడు.

"జర ఆగు. నువ్వు నా ఎనకనే ఉండు. ముందు నేను పోతా."

విసుక్కోలేదు, నవ్వలేదు. అవతలివాడు ఆటకు కొత్త అని, వీడు వాడికి దారి చూపిస్తున్నాడని నాకు ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే రైలు పంజాగుట్ట వైపు సాగుతుంటే, ఒకప్పుడు మెట్లెక్కి రొప్పుతూ చేరుకునే ఆ రెండో అంతస్తు కిటికీ నా కళ్లకు సమానంగా వచ్చి, వెళ్లిపోయింది. ఇప్పుడక్కడ ఏదో కళ్లద్దాల దుకాణం ఉంది. మా రోజుల్లో అది నెట్ కేఫ్.

ఆనాటి అమీర్‌పేట సంగతి మన ఈడువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మేడల గోడలు ఏ రంగువో ఎవరికీ తెలియదు, కింది నుంచి పై దాకా కోర్సుల బ్యానర్లే. బస్సు దిగి పది అడుగులు వేసేలోగా చేతినిండా కరపత్రాలు. ఐటీ ఊపు మీద ఉన్న ఆ కాలంలో రాష్ట్రంలో ఇంజనీరింగు పాసైన ప్రతివాడూ ఆ సందుల్లో ఒకసారి నడిచే ఉంటాడు. నేనూ గోదావరి జిల్లా నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో ఒక గది పంచుకుని, కోర్సు ముగించి, ఇంటర్వ్యూ పిలుపుల కోసం ఎదురుచూస్తున్నాను. అందరికీ ఉద్యోగాలు వస్తున్నాయి. నాకు రావడం లేదు. తెలిసినవాళ్ల చేత ఒక మాట చెప్పించుకుంటే పని అవుతుందని గదిలో మిత్రుడు చెప్పేవాడు. చెప్పించుకోవాలంటే అడగాలి. అడగడం మా ఇంట్లో లేదు.

మా ఇంటి గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ కథ సాగదు. మా తాతగారి పేరు మీద మా తాలూకాలో వారం వారం సంత జరిగేది. ఆయన పోయిన తర్వాత కొడుకులు వకీళ్ల ఇళ్ల చుట్టూ తిరుగుతుంటే, ఊళ్లో ఇల్లు గదిగదిగా ఖాళీ అయింది. పెళ్లిళ్ల గుండిగలు, పల్లకీకి తొడిగిన వెండి, చివరికి భోజనాల సావిడిలో నల్లచేవ బల్లలు, ఎవరు మోసుకుపోయారో తెలియదు, ఎవరూ చూడలేదు. పొలాలు తీర్పులతో పోయాయి. నా దాకా వచ్చినవి ఇంటిపేరు, మా తాతగారి ఫొటోలో ఉన్నట్టు చేతులు వెనక్కి పెట్టుకుని నిటారుగా నిలబడే అలవాటు, అంతే.

రోజూ మధ్యాహ్నం మెయిలు చూసుకోవడానికి ఆ కేఫ్‌కు వెళ్లేవాణ్ణి. దాన్ని నడిపే అన్న బల్కంపేటవాడు, పొట్ట ముందు, నవ్వు వెనక. మధ్యాహ్నాలు కంప్యూటర్లు ఖాళీగా ఉంటాయి కనుక ఆయన వాటిలో ఒక ఆట పెట్టాడు. ఎక్కడెక్కడి దేశాల మనుషులో ఒకే అడవిలో తిరిగే ఆట అది. మెయిలులో ఏమీ లేని ఒక మధ్యాహ్నం నేనూ అందులో దిగాను. ఊరి ద్వారం దాటగానే ఒక అడవిపంది ఉండేది, అది నన్ను పొడిచేసేది. ఆ ఆటలో ఒక కఠినమైన పద్ధతి ఉంది, మీలో కొందరికైనా గుర్తుండవచ్చు: చచ్చినవాడు మళ్లీ ఊరి ద్వారం దగ్గర వట్టి చేతులతో లేస్తాడు, వాడి కత్తి, కవచం, సంచి అన్నీ పడిన చోటే ఉండిపోతాయి. పరుగెత్తుకు వెళ్లి తెచ్చుకోవాలి. ఈలోగా దారిన పోయే ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. నావి ప్రతిసారీ ఎత్తుకుపోయేవాళ్లు. సాయం కావాలని కీబోర్డు మీద రెండు ముక్కలు కొడితే ఎవరో ఒకరు వస్తారని తెలిసీ నేను కొట్టలేదు. మళ్లీ వట్టి చేతులతో బయల్దేరేవాణ్ణి.

అన్న కౌంటరు దగ్గర కూర్చుని ఇదంతా కొన్నాళ్లు చూశాడు. ఒకరోజు నేను పడిపోగానే, అడక్కుండానే, ఆటలో తన బొమ్మను నడిపించుకొచ్చి నా సామాన్ల పక్కన నిలబెట్టాడు.

"ఉరికి రా తమ్మీ. నీ సామాన్లకాడ నేనున్న. ఫికర్ చేయకు."

ఊరు వదిలి వచ్చాక ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఆ మాటకొస్తే ఊళ్లోనూ ఎవరూ అనలేదు.

తర్వాత తెలిసింది, అది ఆ కేఫ్ ఆచారమట. నేర్చుకున్నవాడు తన తర్వాత వచ్చినవాడికి నేర్పాలి. నేర్పేవాడు కుర్చీ వెనక నిలబడాలి, ఎంత చెయ్యి దురదపెట్టినా కొత్తవాడి మౌసు ముట్టుకోకూడదు. వాడు చస్తే, పక్క కంప్యూటరులో ఉన్న తన బొమ్మను తీసుకెళ్లి వాడి సామాన్ల దగ్గర కాపలా పెట్టాలి. నా వంతు వచ్చాక నాకు ఈ పని అచ్చొచ్చింది. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడడం నాకు ఒకరు నేర్పాలా. అన్న కూడా ఒప్పుకున్నాడు, మిగతావాళ్లు ఎప్పుడో ఒకప్పుడు మౌసు లాక్కుంటారు, నేను మాత్రం లాక్కోనని. కొత్తవాళ్లు వస్తే నన్నే పిలిచేవాడు, నేను కూర్చున్న సమయానికి డబ్బు తీసుకోవడం మానేశాడు.

అలా నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకామె సిరిసిల్ల అమ్మాయి. వాళ్లది మగ్గాల ఇల్లు. పంజాగుట్టలో ఒక కాల్ సెంటర్లో కొత్తగా చేరినవాళ్ల జట్టును చూసుకునేది, రాత్రి డ్యూటీకి ముందు ఇక్కడికి వచ్చి ఆడేది. కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, గురువుగారూ, గీ పంది నన్ను వదుల్తలేదు అని మూలిగేది. ఆ గురువుగారులో కాస్త వెక్కిరింత ఉండేది, నేను పట్టించుకునేవాణ్ణి కాదు.

సరిగ్గా అలాంటి మధ్యాహ్నమే మా పెదనాన్నగారు వచ్చారు. వస్తారని వారం ముందే ఇంటి ఓనరు ఫోనుకు కబురు వచ్చింది, ఎందుకొస్తున్నారో కూడా తెలుసు. తీర్పుల్లో పోయిన మా పొలాలు కొనుక్కున్న ఆసామికి రైసుమిల్లు ఉంది, అందులో గుమస్తా పని ఖాళీ అయింది. మావాళ్లు నా కోసం దానికి మాట ఇచ్చేశారు. నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్లడానికే పెదనాన్నగారు బయల్దేరారు. మా ధాన్యం కొలిచిన చోట వాళ్ల ధాన్యం లెక్క రాసుకుంటూ బతకడం. ఆ వారమంతా నాకు నిద్ర సరిగా పట్టలేదు.

ఆయన నేరుగా గదికి వెళ్లి, మిత్రుణ్ణి అడిగి, కండువా, గొడుగుతో రెండంతస్తులు ఎక్కి కేఫ్ గుమ్మంలో నిలబడ్డారు. ఆయన కంటికి కనిపించినదేమిటంటే, కాళ్లు మడుచుకుని దర్జాగా కూర్చున్న ఒక పరాయి పిల్ల, ఆమె కుర్చీ వెనక నిలబడిన నేను.

"ఏంట్రా ఇది. ఒకరు కూర్చుంటే వెనకాల నిలబడే స్థితికి వచ్చామా మనం?"

నేను జవాబు చెప్పేలోగా ఆమే లేచి కుర్చీ తిప్పింది.

"కూసోండ్రి పెదనాన్నా. మీ అబ్బాయి నా కింద కొలువు చేస్తలేడు. నాకు పాఠం చెప్తుండు."

ముక్కూమొహం తెలియని పిల్ల పెదనాన్నా అని పిలవడం ఆయనకు కొత్త. కొంతసేపు ఆమెను చూసి, మెట్లెక్కిన అలసటో ఏమో, కూర్చున్నారు. ఏం పాఠం అని అడిగితే ఆమె తెరమీద పందిని చూపించింది. పెదనాన్నగారి మొహం మారింది. చిన్నతనంలో తండ్రిగారి వెంట వేటకు వెళ్లిన మనిషి ఆయన. ఆ తుపాకీ కూడా ఆ గుండిగలతోపాటే పోయింది.

"పంది వేట వీడు నేర్పడమేంటమ్మా. వీడి తాత దగ్గర నేర్చుకున్నవాళ్లం మేం."

అన్న కౌంటరు దగ్గర్నుంచి కిసుక్కున నవ్వి, పెద్దాయనకు ఆటల ఒక బొమ్మ పెట్టు తమ్మీ, చూస్తం అన్నాడు. పేరు రాయమంటే పెదనాన్నగారు బిరుదుతో సహా మొత్తం చెప్పారు, తెరమీద పేరు గడిలో సగమే పట్టింది. అయితే ఇంటిపేరు ఒక్కటే ఉంచమన్నారు. అలా మా ఇంటిపేరు ఆ అడవిలోకి ఒంటరిగా, చేతిలో చిన్న కత్తితో బయల్దేరింది. నేను చేతులు వెనక్కి పెట్టుకుని కుర్చీ వెనక నిలబడ్డాను. ద్వారం దాటిన కాసేపట్లో పంది ఆయన్ను పొడిచేసింది.

"పోయానా?"

"పోయారండీ."

"నా కత్తేది?"

"పడిన చోటే ఉందండీ."

ఎవడైనా ఎత్తుకుపోతేనో అని ఆయన అడిగేసరికే నేను పక్క కంప్యూటరు దగ్గరకు వెళ్లి నా బొమ్మను అక్కడికి తీసుకెళ్తున్నాను. ఎవరూ తీయరని, తమరు వచ్చేదాకా అక్కడ నేను నిలబడి ఉంటానని చెప్పాను. ఆయన తల తిప్పి ఆ రెండో తెరను చూశారు. చెట్ల మధ్య ఒక కత్తి, ఒక సంచి, వాటి పక్కన కదలకుండా ఒక మనిషి. అటుగా వచ్చిన ఎవరో ఇద్దరు ఆగి, చూసి, తమ దారిన పోయారు.

పెదనాన్నగారు మౌసు పట్టుకుని పరుగు మొదలుపెట్టారు. వాగు దగ్గర దారి తప్పారు. గుండ్రంగా తిరుగుతున్నారు. నా చెయ్యి ముందుకు రాబోయింది, రెండో చేత్తో వెనక గట్టిగా పట్టుకున్నాను. అప్పుడు ఆయన, జీవితమంతా వకీలుతో సహా ఎవరినీ ఏదీ అడగకుండా కేసులన్నీ ఓడిపోయిన మా పెదనాన్నగారు, తల తిప్పకుండా మెల్లగా అన్నారు.

"ఇప్పుడెటు వెళ్లాలిరా?"

వాగు దాటి ఎడమకు అని చెప్పాను. వెళ్లారు. కత్తి తీసుకున్నారు, సంచి తీసుకున్నారు. కళ్లద్దాలు తీసి కండువాతో తుడుచుకుంటూ, ఎవరితోనో కాదు, నాతోనే అన్నారు.

"నాన్నగారు పోయిన రోజుల్లో మనింట్లో ఇలా ఒక్కడు నిలబడి ఉంటే సరిపోయేదిరా."

కేఫ్‌లో ఎవరికీ అది అర్థమై ఉండదు. అన్న మాత్రం మూడు చాయ్‌లు తెప్పించాడు.

సాయంత్రం పంజాగుట్ట చౌరస్తా దాకా నడిచాం. ట్రాఫిక్ హోరులో, ఇద్దరం నిటారుగా. సంచి సర్దుకో అన్న మాట ఎప్పుడొస్తుందా అని అడుగడుగునా చూస్తున్నాను. స్టేషనుకు ఆటో మాట్లాడాక ఆయన, మిల్లువాడికి తాను చెప్పుకుంటానని, నాకు ఇక్కడ పని ఉందని అన్నారు. ఇంకా పని రాలేదండీ అన్నాను. ఎవరినైనా అడిగావా అన్నారు. లేదన్నాను.

"నేను ఇవాళ నిన్ను అడిగాను కదరా. ఏం పోయింది?"

ఆటో వెళ్లిపోయింది. ఆ చౌరస్తాలో అంతమంది మధ్య నిలబడి నేను ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో చెబితే నమ్మరు. గొంతు దాకా వచ్చిన వరద నీళ్లు కిందికి దిగినట్టయింది. మర్నాడు ఆ సిరిసిల్ల అమ్మాయి పందితో కుస్తీ పడుతుండగా, కుర్చీ వెనక నుంచి, వాళ్ల ఆఫీసులో ఏదైనా పని ఉందేమో కనుక్కోమని అడిగాను. ఆమె ఆట ఆపి వెనక్కి తిరిగింది.

"ఇన్నొద్దుల సంది చూస్తున్న గురువుగారూ, ఎప్పుడడుగుతవా అని. మాకు కొత్తోళ్లకు నేర్పేటోడే కావాలె."

అలా దొరికింది నా మొదటి ఉద్యోగం. కొత్తగా ఫోన్లు ఎత్తేవాళ్ల వెనక నిలబడి, వాళ్లు తడబడ్డప్పుడు హెడ్‌సెట్ లాక్కోకుండా, చేతులు వెనక్కి పెట్టుకుని నేర్పడం. ఆ తర్వాత ఎన్ని పదవులు మారినా నేను చేసిన పని నిజానికి అదే. ఊళ్లో పెదనాన్నగారు మాత్రం అందరితో ఒకటే మాట చెప్పారట, వాడు కాపలా ఉన్నాడు, రాడు అని. ఎక్కడ, దేనికి అని అడిగినవాళ్లకు జవాబు చెప్పలేదట.

ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆ ఆట కూడా ఎప్పుడో మూతపడింది, మా ఇంటిపేరు పెట్టుకున్న ఆ బొమ్మ దానితోపాటే పోయింది. ఇప్పటి ఆటల్లో చచ్చినవాడి సామాన్లు చాలావరకు వాడితోపాటే లేస్తాయట, ఎటు వెళ్లాలో తెరమీద బాణం గుర్తే చూపిస్తుందట. మంచిదే, ఎవరికీ ఏ నష్టమూ లేదు. కానీ దారి అడగాల్సిన అవసరం లేని అడవిలో పెదనాన్నగారు నన్ను ఏమని అడిగి ఉండేవారు, నేను ఎక్కడ నిలబడి ఉండేవాణ్ణి అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

లక్డీకాపూల్ వచ్చింది. ఆ కుర్రవాడు ఇంకా ఆడుతూనే ఉన్నాడు. అవతలివాడు పడిపోయినట్టున్నాడు, వీడు ముందుకు పోవడం మానేసి, తెరమీద తన మనిషిని ఒక్కచోట నిలబెట్టి ఎదురుచూస్తున్నాడు. తలుపులు తెరుచుకున్నాక దిగుతూ చూసుకుంటే, ఇంతసేపూ నేను వాడి ముందర చేతులు వెనక్కి పెట్టుకునే నిలబడి ఉన్నాను.