కుక్కలకు రాని తెలుగు

సూళ్లూరుపేటలో మద్రాసు రైలు దిగిన పొద్దున నా కాలు నేలమీద నిలవలేదు. రంగూన్‌లో పుట్టి పదేళ్లదాకా అక్కడే పెరిగినదాన్ని. నాన్నకు ఇది సొంతూరు. నాకూ, మా రెండు కుక్కలకూ మాత్రం పరదేశం. ఓడలో వాంతులు, మద్రాసు రేవులో ఎండ, రైల్లో గార్డు పెట్టెలో బందిఖానా, ఇన్ని పడి కూడా అవి రెండూ ప్లాట్‌ఫారం మీదికి దూకి తోకలాడించాయి. నల్లది ఎవరిదో నిమ్మకాయల బుట్ట వాసన చూసి హాచ్చని తుమ్మింది. నవ్వలేక చచ్చాను.

మా మకాం మేనత్త ఇంట్లో. నాన్నకు అక్క. మామయ్య పోయాక ఇల్లూ పొలమూ ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. మమ్మల్ని గడపలోనే నిలబెట్టేసింది.

“ఏందిరా అబ్బయ్యా, సముద్రం దాటించి కుక్కల్ని తెచ్చినావా? మన ఊళ్లో కుక్కలకు కరువొచ్చిందనుకున్నావా?”

“పిల్ల వదల్లేదక్కా,” అన్నాడు నాన్న.

“సరే, వసారాలో ఉండనీ. నా ఇంట్లో ఏదన్నా ముట్టినాయంటే మాత్రం బండెక్కించి దొరవారిసత్రం చేలో కాపలాకు తోలేస్తా.”

నాకేం భయం వేయలేదు. మా కుక్కలు దొంగతిండి తినేవి కావు. నాన్న వాటికి అన్నీ బర్మా మాటల్లోనే నేర్పాడు. అన్నం పెట్టేదీ ఆయనే. పళ్లెం ముందు కూర్చోబెట్టి మాట చెప్పేదాకా ముట్టవు, చొంగ కారి నేల తడిసినా సరే! అలాంటి కుక్క ఒక్కటైనా మీ వీధిలో ఉందా అని పిల్లలతో పోట్లాటకు దిగేదాన్ని. వాళ్లు నా తెలుగు విని నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వండి, నాకేం! సాయంత్రం పులికాట్ సరస్సు వైపునుంచి ఉప్పుగాలి కొడితే కుక్కలు ముక్కులు పైకెత్తేవి. అచ్చం మా రంగూన్ రేవు వాసన! వాటితో పాటు నేనూ ఊరి చివర గట్టుదాకా పరుగెత్తి, ఆయాసంతో తిరిగొచ్చేదాన్ని. ఈ ఊరు నాకు తెగ నచ్చేసింది.

మా పెట్టెలు సర్దడం ఇంకా పూర్తికాలేదు. అత్త పచ్చిరొయ్యలు కొని, వానాకాలానికని పెరట్లో చాపమీద ఎండబోసింది. కుక్కలు పోయి చాప పక్కన బుద్ధిగా కూర్చున్నాయి. కూర్చున్నాయంతే! అత్త వంటింట్లోంచి చూసి, చీపురు పట్టుకుని “ఛా! ఛా!” అంటూ ఉరికింది. రెండూ తలలు వంచి కరకరా తినడం మొదలుపెట్టాయి. ఆమె గొంతు పెంచేకొద్దీ అవి తోకలూపుతూ ఇంకా జోరుగా తిన్నాయి. నేను పోయి లాగేసరికి సగం చాప ఖాళీ.

“రేపు పొద్దున్నే బండి,” అంది అత్త.

నాకు దుఃఖం, ఆ దుఃఖాన్ని మించి కోపం. నా కుక్కలు దొంగలా? వసారాలో కూలబడి వాటిని వాటేసుకుని ఏడిచాను.

“ఛా, ఊరుకోవే! కుక్కల కోసం ఏడస్తారా ఎవురన్నా?” అంది అత్త.

వెంటనే నల్లది చెవులు నిక్కబొడిచి, చుట్టూ పళ్లెం కోసం వెతికింది. నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

“నాన్నా! తినమనే మాట!”

బర్మాలో తినమనడానికి ‘సా’ అంటారు. నాన్నది నెల్లూరు నాలుక, ఎన్నేళ్లున్నా తిరగలేదు. ఆయన నోట అది ‘చా’ అయ్యేది. కుక్కలు నేర్చుకున్నది ఆ మాటే. అత్త తరుముతున్నాననుకుంది, అవి వడ్డించిందనుకున్నాయి!

“ఏం కతలు చెప్తా ఉండావే!” అంది అత్త.

నేను పళ్లెంలో అన్నం తెచ్చి వాటి ముందు పెట్టాను. “నువ్వే చెప్పి చూడత్తా.”

“తినండి,” అంది. కదల్లేదు. “తినండమ్మా,” అని బతిమాలింది. ఊహూఁ. చొంగ కారుస్తూ ఆమె మొహంలోకే చూస్తున్నాయి. అత్తకు ఒళ్లు మండింది. “ఛా! మొండి ఘటాలు!”

పళ్లెం క్షణంలో ఖాళీ. నాన్న పగలబడి నవ్వాడు. అత్త మాత్రం చీపురు మూలన పెట్టి లోపలికి పోయింది. బండి సంగతి అడగడానికి మాలో ఎవరికీ ధైర్యం చాలలేదు.

తెల్లారగానే లేచాను. వసారాలో కుక్కలు లేవు. పెరట్లోకి పరుగెత్తాను. అత్త గొంతుక్కూర్చుని రాత్రి మిగిలిన అన్నంలో ఆ రొయ్యలే నలిపి కలుపుతోంది. ఎదురుగా రెండూ.

“ఛా, నా తల్లీ, ఛా.”

పక్కింటామె గోడమీంచి తొంగిచూసింది. “ఏందక్కా, పెట్టేదీ నువ్వే, తరిమేదీ నువ్వేనా?”

“తరమడం కాదు, తినమంటా ఉండా,” అంది అత్త. “నీకు తెలీదులే. అది మా బర్మా మాట.”