ఆదిలక్ష్మి పేరు తీసేసిన వెబ్‌సైటు

2004 మార్చి పదిహేడున, అమలాపురంలోని ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో, చివరి సంవత్సరం కంప్యూటర్సు ప్రాజెక్టు రికార్డు నుంచి ఆదిలక్ష్మి పేరు కొట్టేశారు. ఆ స్థానంలో ప్రసాద్ పేరు రాశారు. విభాగాధిపతి సుబ్రహ్మణ్యేశ్వరరావు కింద సంతకం చేశారు. ఆమెకు చెప్పలేదు.

గ్రూపుకు నలుగురికి మించకూడదన్నది నిబంధన. ఆదిలక్ష్మి, హేమంత్, కావ్య, యామిని కలిసి ఆగస్టు నుంచి తమ క్లాసు వెబ్‌సైటు తయారుచేస్తున్నారు. ప్రసాద్ కళాశాల కరస్పాండెంటు మేనల్లుడు. ఫిబ్రవరి దాకా ఏ గ్రూపులోనూ చేరకుండా తిరిగాడు. అతన్ని కూర్చోబెట్టాలంటే ఒకరిని లేపాలి. ఎవరిని లేపితే అడగడానికి మనిషి రాడని చూశారు. ఆదిలక్ష్మి తండ్రి తాతారావు అంబాజీపేటలో కొబ్బరికాయలు వలిచే కూలీ. తల్లి లోవమ్మ కువైట్‌లో ఒకరింట్లో వంటమనిషి. వెతుకులాట అక్కడితో ముగిసింది.

క్లాసులో యాభై రెండు మంది. సైటులో ఒక్కొక్కరికి ఒక పేజీ, అందులో వాళ్ల ఊరి గురించి వాళ్లే చెప్పిన నాలుగు మాటలు. అవి తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది ఆదిలక్ష్మి. ఒక కంప్యూటర్లో కొట్టిన తెలుగు ఇంకో కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలయ్యే రోజులవి. అందుకని ప్రతి పేజీ మాటలనూ డీటీపీ చేసి, బొమ్మగా మార్చి, ఆ బొమ్మను పేజీలో పెట్టేది. యాభై రెండూ ఆమె ఒక్కర్తే చేసింది. అసలు ఫైళ్లను తను కొనుక్కున్న ఫ్లాపీల్లో దాచుకుంది. పేజీల అమరిక హేమంత్ చూశాడు. కావ్య, యామిని ఫొటోలు స్కాన్ చేయించి తెచ్చారు.

"నీ బొమ్మల గోలేంటే బాబూ, ఇంగ్లీషులో కొట్టేస్తే ఈపాటికి అయిపోను," అనేది యామిని.

"మా అమ్మకి ఇంగ్లీషు రాదే. కువైట్‌లో తెరిచి చదువుకోవద్దూ?"

ఆమె పంతమంతా అదే. తల్లి వెళ్లి తొమ్మిదేళ్లయింది. కూతురి పేరు అక్కడ, ఆ ఇంటి కంప్యూటరు మీద, తల్లి తన కళ్లతో చదువుకోవాలి.

పేరు కొట్టేసిన రెండు రోజులకు, శుక్రవారం నాడు, పక్కింటివాళ్ల నంబరుకి లోవమ్మ ఫోన్ చేసింది.

"మా మేడం గారబ్బాయి తెరిచేడే. అక్షరాలు ఎంత బావున్నాయో. ఉప్పలగుప్తం రొయ్యల చెరువుల గురించి కూడా చదివేను. ఆఖర్న తయారుచేసినవాళ్లని ఉంది. హేమంత్, కావ్య, యామిని, ప్రసాద్. ప్రసాదెవడే?"

ఆదిలక్ష్మి ఆ పేర్లు మళ్లీ చెప్పమంది. అవే నాలుగు.

"నా కూతురు చేసిందని ఆ కుర్రోడితో గొప్పలు పోయేను. ఆడికి తెలుగు రాదు గాబట్టి బతికిపోయేను. పొరపాటయ్యుంటాది, అడుగు."

సోమవారం హేమంత్‌ను అడిగింది.

"ఆ పేజీ మార్చిందెవరు?"

"నేనే. సార్ చెప్పేరు. పాస్‌వర్డ్ కూడా మార్చేమన్నారు."

"చెప్తే మార్చేస్తావా?"

"నాకూ మార్కులు కావాలి కదే," అన్నాడు, చెప్పుల వంక చూసుకుంటూ.

సుబ్రహ్మణ్యేశ్వరరావు ఎంతో మర్యాదగా మాట్లాడారు. "పెద్దవాళ్లతో పంతాలెందుకమ్మా. వచ్చే ఏడాది ఇంకో ప్రాజెక్టు చేసుకుందువుగాని." ఆయ్ అని తలూపి వచ్చేసింది. ఏడవలేదు. ఏప్రిల్లో మౌఖిక పరీక్ష ఉందని ఆమెకు తెలుసు.

పరీక్ష రోజు ఉదయం తొమ్మిదికే ఫ్లాపీల సంచితో వచ్చి ల్యాబు వరండాలో నిలబడింది. లోపల, బయటి ఊరినుంచి వచ్చిన పరీక్షాధికారి అంబాజీపేట పేజీ తెరిపించి ప్రసాద్‌ను అడిగారు: "ఇక్కడి కొబ్బరి లారీలు ఏ రాష్ట్రాలకు వెళ్తాయో ఒక్క వాక్యం చేర్చండి."

ప్రసాద్ కోడు తెరిచాడు. అందులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. ఒక బొమ్మ పేరుంది. పైకి జరిపాడు, కిందికి జరిపాడు.

"మీరు కట్టిన ఇల్లే కదండీ, తలుపెక్కడుందో తెలీదా?" అన్నారు పరీక్షాధికారి.

"ఇక్కడే ఉండాలండి."

తక్కిన ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సుబ్రహ్మణ్యేశ్వరరావు వరండాలోకి వచ్చారు.

"ఆ ఫ్లాపీలు ఇలా తే అమ్మా."

"తెచ్చేనండి. ఇవ్వనండి."

"కాలేజీ పరువు పోతుందమ్మా."

ఆమె గొంతు పెంచింది. లోపలికి వినబడాలనే పెంచింది. "ఈ ప్రాజెక్టులో నేను లేనని మీరే సంతకం పెట్టేరు కదండీ. లేనిదాని దగ్గర ఫ్లాపీలెలా ఉంటాయండీ?"

పరీక్షాధికారి విన్నారు. నలుగురూ తప్పారు. వాళ్లు తలలు దించుకుని తన ముందునుంచే మెట్లు దిగడం ఆదిలక్ష్మి చూసింది. ఆ సంతోషాన్ని ఆమె ఏనాడూ దాచుకోలేదు, దాచుకోవలసిన పనీ లేదు.

మే నెలలో ఆ నలుగురికి మాత్రం కొత్త అధికారితో మళ్లీ పరీక్ష పెట్టి పాస్ చేశారు. ఆదిలక్ష్మి మార్కుల జాబితాలో ప్రాజెక్టు ఎదుట గైర్హాజరు అని వచ్చింది. కళాశాల ఫ్లాపీలు దొంగిలించిందని విభాగాధిపతి ఫిర్యాదు రాసి, ఆమె కాండక్టు సర్టిఫికెట్ ఆపారు. మూడేళ్లుగా ఆమె రాజోలులో ఒక డీటీపీ సెంటర్లో పెళ్లి శుభలేఖలు కొడుతోంది. డిగ్రీ లేదు. సైటు ఇంకా ఉంది. ఆమె పేరు ఇంకా లేదు. లోవమ్మ మళ్లీ తెరవమని ఆ అబ్బాయిని అడగలేదు.

ఆదిలక్ష్మి క్షమించలేదు. ఆమె తరఫున క్షమించే అధికారం ఎవరికీ లేదు.

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారూ, దొంగతనం ఫిర్యాదు అబద్ధమని మీ చేత్తో రాసి వెనక్కి తీసుకోండి. రికార్డులో ప్రసాద్ పేరు కొట్టేసి, ఆదిలక్ష్మి పేరు రాసి, ఆమె ఎదుట సంతకం చేయండి. గైర్హాజరు అన్నది మీరు చేసిన తప్పని విశ్వవిద్యాలయానికి తెలియజేసి, ఆమెకు పరీక్ష పెట్టించండి. కావ్యా, యామినీ, ప్రసాద్, ఆ యాభై రెండు పేజీల తెలుగు పని ఎవరు చేశారో సాక్ష్యంగా రాసివ్వండి. హేమంత్, పాస్‌వర్డ్ నీ దగ్గరుంది. చివరి పేజీలో ఆమె పేరు అందరికన్నా ముందు పెట్టు. కువైట్‌లో తెరిచినా కనబడేలా, ఆమె చేసినట్టే బొమ్మగా చేసి పెట్టు. మీ అందరికీ గడువు ముప్పై రోజులు. ముప్పై ఒకటో రోజున ఆమె, ఇది రాస్తున్న మేము కలిసి మీ ఐదుగురి పేర్లతో దావా వేస్తాం.