మాణిక్యం మింగిన మాత్రలు

పటమట చేపల మార్కెట్లో మాణిక్యం పంతొమ్మిదేళ్లుగా చేపలు అమ్ముతోంది. రోజంతా మోకాలు మడిచి కత్తిపీట ముందు కూర్చోవడమే. మోకాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి. వాటికి రోజూ ఒక నొప్పి మాత్ర. అది వేసుకుంటే గుండెల్లో మంట, పులితేన్పులు. ఆ మంటకి ఒక గ్యాస్ మాత్ర. రెండూ కలిపి ఖాళీ కడుపున టీతో మింగేసి బేరానికి కూర్చునేది. మూడేళ్లు అలాగే గడిచాయి. వయసు మీదపడితే ఇవన్నీ ఉండేవేననుకుని ఇంట్లో కూడా చెప్పలేదు.

ఈ వానాకాలం నాలుగడుగులు వేసినా ఆయాసం రాసాగింది. ఒక రోజు బేరం మధ్యలోనే లేచి, ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్లింది.

“గ్యాస్ మాత్రలు ఒక షీటు ఇవ్వండి ఫిలిప్ గారూ.”

షాపాయన ఫిలిప్ ఆమె మొహంలోకి చూశాడు. “మొన్ననే కదమ్మా తీసుకెళ్లారు. బాగా పాలిపోయారు. ఏమీ అనుకోకండి, దొడ్డికి నల్లగా అవుతోందా?”

మాణిక్యం వెనక్కి తిరిగి ఎవరైనా విన్నారేమో చూసుకుంది. “పది రోజుల్నుంచండీ. తారులాగా.”

“ఇంక నేను మందివ్వను. లోపల రక్తం పోతోందేమో. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్లండి.”

“గంపలో చేపలున్నాయండీ.”

“పక్కవాళ్లకి అప్పగించండి.”

భర్త కాశీరావు ఆటో తెచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లాడు. నోట్లోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు. రక్తం ఎక్కించారు.

“పుండు నొప్పి మాత్రల వల్లే. గ్యాస్ మాత్ర మంటని కప్పిపెడుతూ వచ్చింది,” అంది డాక్టరు భానుశ్రీ. తర్వాత ఆ గ్యాస్ మాత్రే రాసిచ్చింది.

“మళ్లీ ఇదేనాండీ?”

“ఇదే. నొప్పి మాత్ర మానేస్తే పుండుని మాన్పేది కూడా ఇదే. పరగడుపున వేసుకుని, అరగంట ఆగి తినాలి. రెండు నెలలు వాడి మళ్లీ చూపించండి. నొప్పి మాత్ర మాత్రం ముట్టుకోవద్దు.”

“మరి మోకాళ్లు?”

“వాటికి వేరే దారి చూద్దాం,” అందామె.

బయటికొచ్చాక కాశీరావు అడిగాడు. “మూడేళ్లూ నాకొక్క మాట చెప్పలేదేంటే?”

“నువ్వూ అలిసిపోయే వస్తావు గదా.”

పుండు మానింది. మోకాళ్లు మానలేదు. కాశీరావు నడుమెత్తున ఒక బల్ల చేయించాడు. ఇప్పుడు ఎత్తుపీట మీద కూర్చుని కోస్తోంది. ఆ ఎత్తులో చెయ్యి మునుపటంత చురుగ్గా ఆడదు. కొందరు పాత బేరగాళ్లు ఆగలేక పక్క గంపకి పోతున్నారు. మాణిక్యం వాళ్లని పిలవదు. కాలు చాపుకుని, నొప్పి తగ్గేదాకా ఆగి, ఇంకో చేప అందుకుంటుంది.