చెంబు నీళ్లతో తుడిచిన బోర్డు

పోయిన నెల మా ఊరి ఆడపిల్లల బడి నుంచి నా ఫోనుకు ఒక ఆహ్వానపత్రం వచ్చింది. మా మేడం పటాన్ని బడిలో పెడుతున్నారు, నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మేడం చనిపోయి అప్పటికి రెండు నెలలు. ఆ రెండు నెలలూ నేను ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. పుస్తకం తెరిచి పెట్టుకుని ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చున్నాను. ఆహ్వానపత్రంలో మేడం ఫొటో ఒక మూల చిన్నగా ఉంది. మధ్యలో పెద్దగా ఉన్నది ముఖ్య అతిథి ఫొటో. పటాన్ని ఆవిష్కరించేది ఆయనే. బడికి ఆయన ఇచ్చిన మంచినీళ్ల ప్లాంటును కూడా అదే రోజు ప్రారంభిస్తారట, దాని మీద ఆయన పేరు ఉంటుందట. ఆ ముఖం చూడగానే, చాలా రోజుల తర్వాత, నాకు ఆకలి వేసింది. లేచి అన్నం వండుకుని కడుపునిండా తిన్నాను. పగ మనిషిని ఇలా కూర్చోబెట్టి తినిపిస్తుందని ఆ రోజే తెలిసింది.

మా ఊరు ధర్మవరం నుంచి బస్సులో ముప్పావు గంట. ఇంటింటా మగ్గం ఉండేది. బడి అంటే మూడు గదులు, ఒక వరండా, ఒక కానుగ చెట్టు, ఒక సిమెంటు తొట్టి. ఊళ్లో దాన్ని ‘ఆడోళ్ల బడి’ అనేవాళ్లు, కాస్త నవ్వుతూ. మగ్గం ఉన్న ఇంట్లో ఆడపిల్లకు ఆరేళ్లు వచ్చాయంటే నూలు కండెలు చుట్టడానికి ఒక చెయ్యి దొరికినట్టే. పైగా ఎండాకాలం బోరింగు దగ్గర బిందెలు వరుసలో పెట్టి సగం పూట కాపలా ఉండటం కూడా ఆడపిల్లల పనే. మేడం కొత్తగా వచ్చినప్పుడు ఇంటింటికీ తిరిగి చదువు గొప్పతనం చెప్పలేదు. ఏయే ఆఫీసుల చుట్టూ తిరిగారో గాని, వారానికి రెండుసార్లు బడికి నీళ్ల ట్యాంకరు వచ్చేలా చేయించారు. తర్వాత తల్లులకు ఒకే మాట చెప్పారు. “మీ పిల్ల పొద్దున ఉత్త బిందెతో వస్తాది. సాయంత్రం నిండు బిందెతో ఇంటికి వస్తాది. మధ్యలో నేనేం చేసుకుంటానో మీరు అడగొద్దండి.”

మరుసటి వారానికి బడిలో కూర్చునే చోటు లేదు. వరండాలో వరుసగా చిన్న బిందెలు, గదుల్లో వరుసగా మేము. ఏది ఎవరి బిందెనో తెలియడానికి దాని మీద సుద్దతో పేరు రాసుకోవాలి. అక్షరమాల కంటే ముందు నాకు నా పేరు రాయడం వచ్చింది. రాయకపోతే నా నీళ్లు ఇంకొకరి ఇంటికి పోయేవి. పేరుకు అంత పని ఉంటుందని నేర్పిన బడి నాకు తర్వాత ఎక్కడా దొరకలేదు.

రోడ్డు వైపు గోడ మీద మనిషి ఎత్తున నున్నగా సిమెంటు చేయించి మేడం ఒక బోర్డు తయారు చేయించారు. నెలకోసారి బొగ్గుపొడీ గుంటగలగరాకూ నూరి మేమే దానికి నలుపు పూసేవాళ్లం. మా చేతులు, గౌన్లు, ఒక్కోసారి ముక్కులు కూడా నల్లబడేవి. రోజూ ఒక పిల్ల ఆ బోర్డు మీద రెండు మూడు వాక్యాలు రాసి, పక్కనున్న బండరాయి ఎక్కి, రోడ్డుకు వినపడేలా చదవాలి. చూసిందే రాయాలి. కింద పేరు పెట్టాలి. రాసినవాళ్లే తుడవాలి. ఇంతే మేడం పెట్టిన షరతులు. ఒకసారి అయిదో తరగతి పిల్ల, తన చిన్నాయన నిన్న కల్లు తాగాడని రాసింది. “నువ్వు చూసినావా?” అన్నారు మేడం. “లేదు మేడం, వాసనొచ్చె.” “అట్లయితే వాసన వచ్చిందని రాయి.” ఆ పిల్ల తుడిచి అలాగే రాసింది, రాయి ఎక్కి చదివింది. ఎదురుగా టీ బంకులో గ్లాసు పట్టుకుని కూర్చున్నది ఆ చిన్నాయనే. పది రోజులు ఆయన ఆ వీధిలో నడవలేదు.

నా వంతు మొదటిసారి వచ్చినప్పుడు నోట్లోనే గొణిగాను. టీ బంకాయన అరిచాడు. “ఏమ్మా, గొంతు ఇంట్లో పెట్టొచ్చినావా?” వెనక నుంచి మేడం గొంతు తగ్గించకుండానే అన్నారు. “ఆయనకు చెవుడు పాపా. ఇంకోసారి చదువు.” చదివాను. “ఇంకా వినపళ్లేదంట, మళ్లీ చదువు.” మూడోసారికి ఆయన రెండు చెవులూ మూసుకుని “వినపడ్యా తల్లీ, వినపడ్యా!” అన్నాడు. ఆ తర్వాత ఉద్యోగంలో ఎన్నో గదుల్లో లేచి మాట్లాడవలసి వచ్చింది. ఎక్కడా గొణగలేదు.

నాకంటే గట్టిగా చదివేది నా జతగత్తె. నా పక్కనే కూర్చునేది. ఆమె గొంతు విని బస్సు వచ్చిందనుకుని లేచినవాళ్లు ఉన్నారు. వాళ్ల నాయన ఊరి రంగుల షెడ్డులో పట్టునూలుకు రంగు అద్దే పని చేసేవాడు. ఆ షెడ్డు యజమానే మా బడి కమిటీకి పెద్ద. ఇప్పటి ముఖ్య అతిథి కూడా ఆయనే. షెడ్డు ముందు కాలువలో ఏ రంగు పారుతుంటే ఆ వారం ఊళ్లో ఆ రంగు చీరలు నేస్తున్నట్టు లెక్క. నేను నాలుగో తరగతిలో ఉన్న ఏడాది వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. మార్చిలో బడికి ట్యాంకరు రావడం ఆగిపోయింది. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. వరండాలో బిందెలు తగ్గుతూ వచ్చాయి. ఏ పూట ఏ బిందె రాలేదో ఆ పిల్ల బోరింగు దగ్గర ఉన్నట్టు. అదే మూడు వారాలూ షెడ్డు ముందు కాలువ ఎర్రగా, తెంపు లేకుండా పారింది. అందరూ దాన్ని దాటుకుంటూ నడిచారు.

ఒక శనివారం పొద్దున నా జతగత్తె నన్ను కానుగ చెట్టు వెనక్కి లాగింది. “మన ట్యాంకరు నీళ్లు షెడ్డులో పోస్తాండారు మే. నిన్న నా కండ్లతో చూసినా. మా నాయనే పైపు పట్టుకోనుండాడు.” ఆ రోజు బోర్డు వంతు ఆమెదే. సుద్దముక్క అప్పటికే ఆమె చేతిలో ఉంది. ఆమె రాస్తే వాళ్ల నాయన పని పోతుందని తొమ్మిదేళ్ల నాకు కూడా తెలుసు. నేను ఆమె చేతిలోంచి సుద్ద లాక్కున్నాను. “నిన్న మన బడి ట్యాంకరు రంగుల షెడ్డులో నీళ్లు పోసింది. నేను చూసినాను,” అని రాసి కింద నా పేరు పెట్టాను. రాయి ఎక్కి ఒక్కసారే చదివాను. ఆ రోజు టీ బంకాయన మళ్లీ చదవమనలేదు.

సోమవారం షెడ్డు యజమాని కమిటీవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. కోప్పడలేదు, నవ్వుతూనే ఉన్నాడు. “ఏమ్మా, శుక్రవారం నువ్వు ధర్మవరం బస్టాండులో మీ నాయన పక్కన కూర్చోని బొరుగులు తింటాంటివే. నేను చూస్తి. ఈడ ట్యాంకరు ఎట్ల చూసినావు? అంత దూరం కనపడతాదా నీకు?” కమిటీవాళ్లు నవ్వారు. ఆయన చెప్పింది నిజం. మేడం నా వైపు తిరిగి “నువ్వు చూసినావా?” అని అడిగారు. “లేదు మేడం,” అన్నాను. మరి ఎవరు చూశారని ఆమె అడగలేదు. నా పక్కన నిలబడిన జతగత్తెను చూశారు, ఎర్రగా ఉన్న కాలువ వైపు చూశారు, “తప్పు నాది. బోర్డు నాది,” అన్నారు. రాసినవాళ్లే తుడవాలనే షరతు ఆయనకు తెలుసు. తుడవమన్నాడు. తడిగుడ్డ కావాలి, తొట్టిలో చుక్క నీళ్లు లేవు. ఆయన మనిషిని పంపి తన షెడ్డు నుంచి ఒక చెంబు నీళ్లు తెప్పించాడు. ఆ నీళ్లతో నేను బోర్డు తుడిచాను.

ఆ సాయంత్రం మా నాయన అంతా విన్నాడు. “నువ్వు రాసింది నిజం. నువ్వు చూడ్లేదన్నదీ నిజం. అన్నం తినుపో,” అన్నాడు. నెల తిరగకముందే మేడంను గుమ్మఘట్ట వైపు ఒక పల్లెకు బదిలీ చేశారు. ఆడపిల్లలకు అబద్ధాలు రాయడం నేర్పుతోందని ఊళ్లో చెప్పుకున్నారు. బోర్డుకు సున్నం కొట్టారు. ట్యాంకరు మళ్లీ రాలేదు. నా జతగత్తె బిందె బోరింగుకు పోయింది, అక్కణ్నుంచి ఆమె మగ్గం దగ్గరికి పోయింది. ఆమె చదువు నాలుగో తరగతి మధ్యలో ఆగింది.

కొత్త ఊరి నుంచి మేడం నాకు కార్డులు రాసేవారు, ఒక్కో కార్డుకు ఒకటో రెండో వాక్యాలు. “ఇక్కడి పిల్లలు కన్నడలో తిట్టుకుంటారు, తెలుగులో ఏడుస్తారు. చూసిందే రాస్తున్నాను.” కాలేజీ రోజుల్లో ఒకసారి వెళ్లి, ఎవరు చూశారని ఆ రోజు ఎందుకు అడగలేదని అడిగాను. “అడిగింటే నువ్వు చెప్పేదానివి. చెప్పినాక బతుకంతా కుమిలేదానివి,” అన్నారు. అడగకపోయినా కుమిలానని నేను చెప్పలేదు. ఆ షెడ్డు యజమాని మీద నాకున్నది ఏమిటో ఆమెకు తెలుసు. క్షమించమని ఒక్కసారి కూడా చెప్పలేదు, అందుకు ఆమెకు రుణపడి ఉంటాను. క్షమ గురించి నేను చాలా పుస్తకాలు చదివాను. బాగా రాసినవే. వాటిలో ఏ ఒక్కటీ ఆ చెంబు దాకా రాలేదు. ఆయన చావాలని నేను ఎప్పుడూ కోరుకోలేదు. ఇది అబద్ధం, కోరుకున్నాను. కానీ ముందు ఆయన వినాలి, తర్వాతే చావాలి అనుకునేదాన్ని. ఆయనకు ఎనభై దాటాయని, చెవులు సరిగా పనిచేయడం లేదని తెలిసినప్పుడు నాకు దిగులు వేసింది.

సభకు ముందు రోజు నా జతగత్తె ఇంటికి వెళ్లాను. మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. ఆమెకు పట్టు ఇచ్చి నేయించుకునేది ఆ షెడ్డు పెద్దాయన కొడుకే. రేపు సభలో అసలు సంగతి చెప్తాను, నీ పేరు మాత్రం ఎత్తను అన్నాను. ఆమె పోగుల మధ్య అటూ ఇటూ విసురుతున్న నాడె ఆపింది.

“ఎందుకెత్తవు?”

“నీకు పని పోతాది కదా మే.”

“నాకు చెప్పకుండా నా సుద్ద లాక్కుంటివి. నాకు చెప్పకుండా నా పేరు దాచిపెడ్తివి. ఎవురు దాచమనిరి నిన్ను? చూసింది నేను. నువ్వు బొరుగులు తింటాంటివి.”

నలభై ఏళ్లుగా ఆమెను కాపాడాననుకున్నాను. ఆమె దాన్ని ఇంకోలా మోసింది. తనే రాసి ఉంటే ఆయన తన నోరు మూయించలేకపోయేవాడు, మేడం పోయేది కాదు అంది. “పని పోతే ధర్మవరంలో మగ్గాలు లేవా,” అంటూ మళ్లీ నాడె విసిరింది.

సభలో పెద్దాయన మైకు పట్టుకుని మేడంను పొగిడాడు. ఆమె నిజాయితీకి ఒక ఉదాహరణ కూడా చెప్పాడు. “ఒకసారి పిల్లలు బోర్డు మీద అబద్ధం రాసినారు. నేను అడిగితే, తప్పు నాదని ఒప్పుకున్న మహాతల్లి ఆమె!” జనం చప్పట్లు కొట్టారు. దండ వేసిన పటంలో మేడం ఎప్పటిలాగే కాస్త చిరాగ్గా చూస్తున్నారు. నా వంతు వచ్చినప్పుడు నేను రాసుకొచ్చిన కాగితం తీయలేదు. “ఆ అబద్ధం రాసింది నేను. చూడకుండా చూశానని రాశాను. చూసినామె ఇక్కడే ఉంది,” అని కూర్చున్నాను.

ఆమె అప్పటికే లేచి రోడ్డు వైపు గోడ దగ్గరికి నడిచింది. జనం తిరిగారు. సున్నం కొట్టిన గోడ మీద ఒకచోట తడి అప్పుడే ఆరిన నలుపు ఉంది. పొద్దున్నే వచ్చి బొగ్గూ ఆకూ నూరి పూసి పోయిందట. మోచేతుల దాకా ఆమె నల్లగానే ఉంది. మెల్లగా, ఒక్కో అక్షరం ఆగి ఆగి రాసింది. రాసి, పక్కనున్న రాయి ఎక్కి చదివింది. గొంతు తగ్గలేదు. “మా బడి ట్యాంకరు నీళ్లు రంగుల షెడ్డులో పోసినారు. నేను చూసినాను. పైపు మా నాయన పట్టుకున్నాడు. పోయమన్నది ఈ కుర్చీలో కూర్చున్నాయన.”

పెద్దాయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని కొడుకును అడిగాడు. “ఏమప్పా? ఏం రాసింది?” కొడుకు నేల చూశాడు. మళ్లీ అడిగాడు. వేదిక పక్కన పూలపళ్లెం పట్టుకుని నిలబడిన మూడో తరగతి పిల్ల ఆయన కుర్చీ దగ్గరికి వచ్చింది. “నేను చదువుతా తాతా,” అని, బోర్డు చూస్తూ ఆయన చెవిలో మొదటి నుంచి చివరిదాకా, పేరుతో సహా, గట్టిగా చదివింది. చదివాక అడిగింది. “వినపడ్యానా? ఇంకోసారి చదవల్లా?”

ఆయన ముఖం నేను చూశాను. చూడటానికే అంత దూరం వచ్చాను కాబట్టి కళ్లు తిప్పుకోలేదు. కింద పెదవి వేలాడింది. మీద కప్పిన శాలువాను రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు. జాలి కలుగుతుందేమోనని ఎదురు చూశాను. కలగలేదు. “తుడిపించండి అది,” అన్నాడు చివరికి. ఎవరూ కదల్లేదు. ఇప్పటి మేడంకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మా మేడం గుమ్మఘట్ట బడిలో చదువుకున్న పిల్లల్లో ఆమె ఒకరని నాకు తర్వాత తెలిసింది. చేతులు కట్టుకుని చెప్పింది. “పేరు పెట్టింది సార్. రాసినామెనే తుడచల్ల. అది ఈ బడి రూలు.”

నా జతగత్తె తుడవలేదు. ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు. దాచడానికి కాదు, ఇకమీదట అది రాసే పని ఆమెదే కాబట్టి. కావాలంటే వెళ్లి చూడండి, గోడ మీద ఉంది. మరుసటి వారం పెద్దాయన కొడుకు ఆమెకు పట్టు ఇవ్వడం ఆపేశాడు. ఆమె ఇప్పుడు ధర్మవరంలో ఇంకొకరికి నేస్తోంది. ఫోను చేస్తే, ఈయనా దొంగనాయాలే గాని చీరలు మంచివి అంటుంది.

కాలం అన్నిటినీ చెరిపేస్తుందని చదివాను. అది నేను చూడలేదు. నేను చూసింది ఇంతే: నలభై ఏళ్ల కింద చెంబు నీళ్లతో తుడిచిన మాట అదే గోడ మీద మళ్లీ రాయొచ్చు, చేతిరాత మాత్రం కొంచెం వంకర పోతుంది.