చాప కింది కాలు

ఫువతినోది ఓర్వలేని కన్ను. ఆ మాట ఊరంతా అనేది, ఆవిడా కాదనేది కాదు. "కళ్లున్నది చూడ్డానికే కదా!" అనేది. సవాయీ దీవిలోని ఆ ఊళ్లో ఇళ్లకు గోడల్లేవు. స్తంభాలు, పైన కప్పు, అంతే. చూడదలచుకున్నవాళ్లకు కొదవేముంది?

ఆవిడ చూపంతా తోడికోడలు సెనెరిత మీదే. సెనెరిత మొగుడికి ఇంటి పెద్దరికం దక్కడంతో మహిళా సంఘం పెద్దరికం ఆమెకు వచ్చిపడింది. నెలనెలా సంఘం ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి పక్కలు, వంటపాక, మరుగుదొడ్డి తనిఖీ చేస్తారు. ప్రతిసారీ మొదటి స్థానం సెనెరిత ఇంటికే. "అవును మరి, వాళ్లింట్లో దుమ్ము కూడా అడిగే వాలుతుంది!" అని ఫువతినో మూతి తిప్పేది.

ఆ ఏడు వానలు తగ్గాక జిల్లా ఆసుపత్రి నుంచి నర్సు లూపే వచ్చింది.

"ఈ ఊరికి ఏ వైద్యం కావాలో తెలుసుకోవాలమ్మా. అడిగితే అందరూ బానే ఉన్నామంటారు. అందుకే ఏమీ అడగొద్దు, నడుద్దాం, చూద్దాం. నీళ్లెక్కడివి, ఏం తింటున్నారు, ఎవరు తిరుగుతున్నారు, ఎవరు కూర్చుండిపోయారు, అంతే."

ఆమె వెంట వెళ్లడానికి అందరికంటే ముందు ఫువతినో లేచింది. సెనెరిత ఇంట్లో ఒక్క తప్పు, ఒకే ఒక్కటి, నర్సు ఎదుట దొరికితే చాలు! మూతలేని నీళ్ల తొట్టి, పిల్లల కాళ్ల మీద గజ్జి, ప్రతి వంటపాకలోనూ డబ్బా మాంసం, అన్నీ చూపించిందిగానీ ఆవిడ మనసు మాత్రం ఆ ఇంటి మీదే ఉంది.

సెనెరిత కాళ్లు చాపుకుని, వాటి మీద మెత్తటి చాప కప్పుకుని కూర్చుంది. ఎదుటివాళ్ల వైపు చాపిన కాళ్లు కనబడనివ్వకపోవడం అక్కడ మర్యాద. కోడలు కోకో పోసిచ్చింది. సెనెరిత మాత్రం లేవలేదు.

"ఎంత పద్ధతైన మనిషి!" అంది వెంట వచ్చిన ముసలావిడ, తనూ చాప కప్పుకుని కూర్చుంటూ.

ఫువతినోకు ఒళ్లు మండింది. మహారాణి! ప్రార్థనలో చాప, సంఘంలో చాప, ఇప్పుడు ఇంట్లోనూ చాపేనా? అప్పుడే కనబడ్డాయి ఈగలు. అద్దంలాంటి ఇంట్లో ఈగలు, అదీ ఆ చాప చివరే. హమ్మయ్య, దొరికింది!

"అక్కా, ఆ కింద ఏ మురికి దాచావు?"

"వద్దే, ముట్టుకోకు!"

ఫువతినో చాప లాగేసింది.

ఆకు కట్టు కింద రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. వాసన గుప్పుమంది. నర్సు కోకో పక్కన పెట్టి వంగి చూసింది. "షుగరు పుండు. ఇంకా నయం, ఇవాళే వస్తే కాలు దక్కుతుంది. వేళ్ల సంగతి చెప్పలేను."

సెనెరిత నర్సు వైపు చూడనే లేదు. "మా అమ్మకి కాలు తీసేశారు. నాకూ తీసేస్తే నా చోట్లో నువ్వు కూర్చుంటావు కదే. నీకు తెలియకూడదనే దాచాను. నేను రాను."

ఫువతినో అంతకాలం కోరుకున్నది ఆ చోటే. సిగ్గేసింది. అయినా కడుపుమంట చల్లారలేదు, పాపిష్టిది!

"ఇంకెన్ని చాపల కింద ఇలాంటివి ఉన్నాయో," అంది నర్సు. ముసలావిడ తన చాపను గబుక్కున దగ్గరికి లాక్కుంది.

ఫువతినో తోడికోడలి ముందు వీపు పెట్టి కూర్చుంది. "ఎక్కు. ఒంటికాలితో తిరిగావంటే ఊరంతా జాలిపడి జన్మంతా నీకే మొదటి స్థానం ఇచ్చేస్తారు. అది మాత్రం నేను బతికుండగా జరగనివ్వను!"

సెనెరిత ఏడుస్తూనే నవ్వి, ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

నర్సు వచ్చిన ట్రక్కు దాకా దారంతా జనం సెనెరితనే పలకరించారు. మోస్తున్నదాన్ని ఒక్కరూ పలకరించలేదు.