నల్లపంది వీరత్వం, నా డాక్టరేటు

పందుల చేతిలో పరువు పోగొట్టుకున్న పరిశోధకుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కూర్చోండి, ఆ ఘనుణ్ణి నేనే.

బంగారు గనులు మూతపడ్డాక గొప్పలు చెప్పుకోవడానికి మా కేజీఎఫ్ వాళ్లకు ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. నాకు మా ఊరి నల్లపంది దొరికింది. రోగాలతో పోరాడే జన్యువులు నాటుపందిలో ఎక్కువ చురుగ్గా ఉంటాయా, సీమపందిలోనా అన్నది నా పరిశోధన. రెండింటి రక్తం తీసి పోల్చాలి. సెమినార్లో ఒప్పించగలిగితే డాక్టరేటు, లేదంటే మళ్లీ మొదటికి.

టేకల్ దగ్గరి ఫారంలో సీమజాతి తెల్లపందులు పండక్కొచ్చిన అల్లుళ్లలా పడుకుని ఉన్నాయి. సూది గుచ్చినా కళ్లు తెరవలేదు. ఇక మిగిలినవి రాబర్ట్‌సన్‌పేట దగ్గర మేరీ అక్క క్రిస్మస్‌కని పెంచుతున్న నల్లపందులు. అవి పగలంతా వీధుల్లో తిరుగుతాయి.

“సాయంత్రం దాకా ఉండప్పా. గంజి పోస్తే అవే వస్తాయి,” అంది అక్క.

“అంతసేపు యాడుండేదక్కా? బంగారుపేటలో నాకు రైలుండాది!”

డాక్టరేటు తొందర అలాంటిది మరి. “పట్టుకోండప్పా!” అని వీధిలో పడ్డాను. గనిలో పనిచేసి ఊరికే కూర్చున్న పెద్దలు, చర్చి పాటల బృందం, అందరూ నా వెనక. పందులు గని మట్టి దిబ్బ ఎక్కాయి. మేమూ ఎక్కాం. రొప్పుతున్న పందిని రొప్పుతూ పట్టుకుని, రొప్పుతూనే రక్తం తీశాను.

ఫలితాలు చూస్తే నల్లపంది జన్యువులు భగ్గుమంటున్నాయి! “మా కేజీఎఫ్ పంది పుట్టుకతోనే వీరుడు!” అని సెమినార్లో బల్ల గుద్దాను.

గైడ్ గారు కళ్లజోడు తీశారు. “తెల్లపంది రక్తం ఎలా తీశావు?”

“పడుకుని ఉండగా, సార్.”

“నల్లపందిది?”

“దిబ్బ మీదికి తరిమి, సార్.”

“అయితే నువ్వు పోల్చింది జాతుల్ని కాదు నాయనా. నిద్రపోయేదాన్నీ, ప్రాణభయంతో పరుగెత్తినదాన్నీ. భయం, పరుగు చాలు ఆ జన్యువుల చురుకును తారుమారు చెయ్యడానికి. పో, ఈసారి ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకురా.”

హాలంతా గొల్లుమంది. నాకైతే సిగ్గుతో ప్రాణం పోయింది.

మళ్లీ వెళ్లాను. ఈసారి రైలు సంగతి మరిచి, గంజి బకెట్ పక్కన సాయంత్రం దాకా బుద్ధిగా కూర్చున్నాను. పందులు వచ్చాయి. నన్ను చూశాయి. వెంటనే మూకుమ్మడిగా దిబ్బ వైపు లగెత్తాయి.

“నీ మొగం చూస్తేనే వాటికి గుండె అదురుతాండాదప్పా,” అంది మేరీ అక్క. “ప్రశాంతమైన పంది కావాలంటే ఇంగ నువ్వు రాకుండా ఉండాల.”

కాబట్టి సమస్త వరాహజాతి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట మా ఊరి గొప్పతనాన్ని వెంటపడి తరిమి నిరూపించను.